బెంగళూరు జీరో బిల్లు: తగువంతా ఆ సగటు దగ్గరే

బెంగళూరు అద్దె ఇళ్లలో కరెంటు డబ్బుల గొడవ మళ్ళీ రాజుకుంది. ఓనరుకు జీరో బిల్లు వస్తోంది, పోర్షన్‌లో ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం నెలనెలా వసూలు ఆగలేదు. ఈ జీరో బిల్లు ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చే కర్ణాటక ప్రభుత్వ పథకం గృహజ్యోతిది. అది ఏ ఎన్నికల హామీగా పుట్టిందో అందరికీ తెలుసు. మారతహళ్ళి, కె.ఆర్.పురం, బొమ్మనహళ్ళి వైపు అద్దెకుంటున్న మనవాళ్ళు చూడాల్సింది 2023 జూన్‌లో ఖరారైన లెక్క.

ఉచితం 200 యూనిట్ల వరకు అన్నారు కానీ అందరికీ 200 రాదు. 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి వరకు ఆ మీటరులో నెలకు సగటున ఎంత తిరిగిందో చూసి, దానికి 10 శాతం కలిపి కోటా కట్టారు. కోటా దాటితే ఆ పైవాటికి డబ్బు కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లూ కట్టాలి. ఏడాది చరిత్ర లేని కొత్త ఇళ్లకు రాష్ట్ర సగటు 53 యూనిట్ల మీద 10 శాతం, అంటే 58. సగటు 48 లోపున్న వాళ్ళకు 10 శాతం బదులు 10 యూనిట్లు కలపాలని 2024 జనవరిలో సవరించారు.

అద్దెదారుల కష్టమంతా ఇక్కడ మొదలైంది. కోటా మీటరుకు అతుక్కుపోయింది, మనుషులేమో ఏడాదికో రెండేళ్ళకో ఇల్లు మారుతుంటారు. ఆ ఏడాది ఇంట్లో ఒంటరి కుర్రాడు ఉండి 40 యూనిట్లు వాడాడనుకోండి, కోటా 50. తర్వాత దిగిన నలుగురి కుటుంబం 110 వాడితే 60 యూనిట్లకు చెల్లించాలి.

సోలార్ హీటరున్న మేడల్లో ఇది ఇంకా చిత్రం. హీటరు బాగున్న రోజుల్లో మీటరు తక్కువ తిరిగింది కాబట్టి కోటా తక్కువ. బోరు నీళ్ళ సున్నం పేరుకుని ట్యూబులు పూడుకుపోతే, చాలామంది ఓనర్లు బాగుచేయించకుండా 2 కిలోవాట్ల గీజరు పెట్టించి ఊరుకుంటారు. 20 లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్ పడుతుంది. నలుగురికి రోజుకు 2, నెలకు 60. స్నానాలకే కోటా అయిపోతుంది. సోలార్ హీటరుకు బిల్లులో ఇచ్చే రాయితీ నెలకు 50 రూపాయలు మించదు. దానికోసం ఏ ఓనరు ప్లంబర్ని పిలుస్తాడు?

పొదుపు చేద్దామన్నా లెక్క కుదరదు. 75 వాట్ల ఫ్యాను తీసి తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే, రోజుకు 12 గంటల చొప్పున నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. 2025 ఏప్రిల్‌లో అమలైన 5.80 రూపాయల ధరతో చూస్తే అది 93 రూపాయలు. రెండున్నర వేలు పెట్టి కొన్న ఫ్యాను డబ్బు తిరిగి రావడానికి రెండేళ్ళ పైనే పడుతుంది, అగ్రిమెంటేమో 11 నెలలు. వాడకం కోటాలోపే ఉంటే మిగిలేది సున్నా. 2015లో మొదలైన కేంద్ర పథకం ఉజాలా కింద చవగ్గా ఇచ్చిన ఎల్‌ఈడీలు అద్దె ఇళ్లలోనూ వెలిగాయంటే కారణం ఉంది: 9 వాట్ల బల్బును ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సంచిలో వేసుకుని పోవచ్చు. గీజరు, పైకప్పు, సోలార్ ప్యానెల్ ఎవరూ మోసుకుపోలేరు. ఇంటి కప్పు మీద సోలార్ పెట్టించే కేంద్ర పథకం, 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉన్నా, సొంత కప్పు లేనివాడికి దానితో పనిలేదు.

అన్నిటికన్నా దెబ్బ తింటున్నవి ఒకే ఆర్‌ఆర్ నంబరు (కరెంటు కనెక్షన్ నంబరు) కింద సబ్‌మీటర్లు పెట్టిన వఠారాలు. మూడు పోర్షన్లు తలా 75 వాడితే మొత్తం 225. ఒక్కరికీ ఉచితం లేదు. విడి మీటర్లుంటే, కోటాలను బట్టి, ముగ్గురికీ ఎంతో కొంత దక్కేది. విడి మీటరు అడిగితే ఓనర్లు ఖర్చు చూపిస్తారు. ఆ మాటలో నిజముంది: 2025 ఫిబ్రవరి నుంచి బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం కొత్త కనెక్షన్లకు స్మార్ట్ మీటరు తప్పనిసరి చేసింది, సింగిల్ ఫేజ్‌కే 5 వేల దాకా అవుతోంది. కొన్ని నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకునే ఊళ్ళో ఇది మోయలేని భారమా అన్నది వేరే సంగతి.

విడి మీటరున్నా గృహజ్యోతి దరఖాస్తు దగ్గర రెండు చిక్కులు. అద్దెదారు ఆ ఇంట్లో ఉన్నట్టు అగ్రిమెంటో, ఆ అడ్రసుతో ఓటరు కార్డో చూపాలి. మనవాళ్ళ ఓట్లు అనంతపురంలోనో కర్నూలులోనో ఉంటాయి, అగ్రిమెంటు రాసివ్వడానికి ఓనరు జంకుతాడు. రెండోది, ఆ ఆర్‌ఆర్ నంబరుకు పాత అద్దెదారు ఆధారే ఇంకా తగిలి ఉండటం. 2024లో డీలింక్ సౌకర్యం వచ్చింది. కర్ణాటక ప్రభుత్వ సేవాసింధు పోర్టల్‌లో పాత ఇంటి మీటరు నుంచి ఆధార్ తీసేశాకే కొత్త ఇంటికి దరఖాస్తు పడుతుంది. ఓటీపీ ఆధార్‌కు కలిపిన ఫోనుకే వస్తుంది, ఊరెళ్ళిపోయిన పాత అద్దెదారు స్పందించకపోతే పని అక్కడే నిలుస్తుంది. అందుకే ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు తాళం ఇచ్చేలోపే డీలింక్ చేసుకోవాలి. దిగేవాళ్ళు అడ్వాన్సు కట్టకముందే పాత బిల్లు ఒకటి అడిగి, అందులో ఆర్‌ఆర్ నంబరు, బకాయి, నెలవారీ కోటా చూసుకోవాలి. తేడా వస్తే బెస్కాం నంబరు 1912.