రక్తపు రెట్టకు నట్టల మందు కాదు

వానలు పట్టాయంటే చాలు, బెంగళూరులో మిద్దె మీదా పెరట్లోనూ కోళ్లు పెంచుకునే మనవాళ్ల నుంచి ఒకటే ఫోను. "నట్టల మందు పోశాం డాక్టరమ్మా, అయినా పిల్లలు చచ్చిపోతున్నాయి!" ఈ మాట విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: రెట్టలో రక్తం పడితే కడుపులో పురుగులున్నట్టే.

వాస్తవం: 3 నుంచి 6 వారాల పిల్లల్లో రక్తపు రెట్ట కనిపిస్తే మొదట అనుమానించాల్సింది కాక్సిడియోసిస్‌ను. అది పురుగు కాదు, పేగు గోడలో పెరిగే ఏకకణ జీవి. ఆల్బెండజోల్, పైపరజిన్ లాంటి నట్టల మందులు దాన్ని ఏమీ చేయలేవు. దానికి ఆంప్రోలియం అనే మందు కావాలి, అదీ వెంటనే. నట్టల మందు పనిచేస్తుందేమోనని ఎదురుచూసే ఆ రెండు మూడు రోజుల్లోనే పిల్లలు పోతాయి.

కృష్ణరాజపురం నుంచి ఒక నెల్లూరు పెద్దావిడ గిరిరాజ జాతి కోడిపిల్లలను అట్టపెట్టెలో తెచ్చారు. రెక్కలు వేలాడేసి ముడుచుకుని కూర్చున్నాయి, తోకల కింద రక్తపు మరకలు. ఎవరో వాట్సాప్‌లో చెప్పారని నట్టల మందు పోశారట, తగ్గలేదని మళ్లీ పోశారట. చనిపోయిన పిల్లను కోసి చూపించాను. పేగుల చివరనుండే రెండు గుడ్డి సంచులూ రక్తం గడ్డకట్టి ఉబ్బిపోయాయి, ఏలికపాము ఒక్కటీ లేదు. "నేనే చంపుకున్నానా తల్లీ?" అని ఏడ్చారు. కాదు పెద్దమ్మా. తెలియని రోగానికి ధీమాగా మందు చెప్పినవాళ్లది ఆ తప్పు. మిగిలిన పిల్లలకు ఆంప్రోలియం మొదలుపెట్టి, బలానికని ఆమె నీళ్లలో కలుపుతున్న బి విటమిన్ టానిక్ ఆపించాను. ఆ జీవికి బి1 విటమిన్ అందకుండా చేయడం ద్వారానే ఆంప్రోలియం పనిచేస్తుంది. అదే నీళ్లలో టానిక్ పోస్తే మందు బలం తగ్గిపోతుంది. కింద పరిచిన వరిపొట్టు తడిస్తే తీసేసి పొడిది వేయడం కూడా చికిత్సలో భాగమే.

ఇక నట్టల సంగతి. ఒక్కసారి మందు వేస్తే పీడ వదిలిందనుకోవద్దు. రెట్టతో పడిన ఏలికపాము గుడ్లు తడి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. అలాగని రెట్ట పరీక్ష లేకుండా నెలనెలా పోస్తే మందుకు లొంగని పురుగులు తయారవుతాయి. పైపరజిన్ బద్దె పురుగులపై పనిచేయదు, అవి చీమలు, పేడపురుగులు, ఈగల ద్వారా వస్తాయి. ఆల్బెండజోల్‌ను తాగే నీళ్లలో కలిపితే అడుగున పేరుకుంటుంది, నీరసించిన కోడికి అందదు. బరువు చూసి ఒక్కోదానికీ నోట్లో పోయాలి. వెల్లుల్లి, వేపాకు పెట్టుకోండి, కాదనను, పేగు నిండా పురుగులున్న కోడికి మాత్రం అవి మందు కావు.

ఇంట్లో చిన్నపిల్లలకు ఈ పురుగులు అంటుతాయేమోనని భయపడే తల్లులకు ఒక మాట: కోళ్ల ఏలికపాము మనుషులకు రాదు. మందు వేశాక కోడిగుడ్లు ఎన్నాళ్లు తినకూడదో మందును బట్టి మారుతుంది, సీసా మీద చదవండి, లేదా అడగండి. పరీక్షకు వెళ్లేటప్పుడు పొద్దున పడిన తాజా రెట్టను మూతగట్టి డబ్బాలో దగ్గరలోని పశువైద్యశాలకో, హెబ్బాళ పశువైద్య కళాశాలకో తీసుకెళ్లండి. ఎండిపోయినది పనికిరాదు.