గ్రేడర్ వచ్చేదాకా ఆగాలా? గ్రావెల్ రోడ్లపై అపోహలు - వాస్తవాలు

గ్రామీణ రోడ్ల పని మీద ఏ ఊరు వెళ్లినా ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "సార్, మోటార్ గ్రేడర్ ఎప్పుడు పంపిస్తారు?"

అపోహ: బ్లేడుతో రోడ్డును గీసి చదును చేసే ఆ పెద్ద యంత్రం లేనిదే గ్రావెల్ రోడ్డు బాగుపడదు.

వాస్తవం: ఊళ్లను అన్నిటికన్నా ఎక్కువ ముంచుతున్నది ఈ నమ్మకమే. రెండు కిలోమీటర్ల పనికి అంత యంత్రాన్ని లారీకెక్కించి ఎవరు తెస్తారు? ఎదురుచూస్తుండగానే వానలు దిగుతాయి. బండ్ల బరువు కన్నా నిలిచిన నీరే ఈ రోడ్లకు పెద్ద శత్రువు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) గ్రామీణ రోడ్ల మాన్యువల్ గ్రావెల్‌కు వర్షపాతాన్ని బట్టి 3.5 నుంచి 4 శాతం క్యాంబర్, అంటే నడుమ నుంచి అంచులకు వాలు, ఉండాలంటుంది. 3.75 మీటర్ల రోడ్డుకు లెక్కేస్తే, అంచుల కన్నా నడుమ బెత్తెడు ఎత్తు. అంతే!

ఆ బెత్తెడు నిలబెట్టడానికి ట్రాక్టర్ లాగే గ్రేడర్, వెనక నడుస్తూ తోలే చిన్న రోలర్, నీళ్ల ట్యాంకర్, పక్క కాలువ తీయడానికి పార పట్టే నలుగురు చాలు. కెన్యా, జింబాబ్వేలలో ట్రాక్టర్ గ్రేడర్లతో రోడ్లు నిర్వహించారు. ట్రాక్టర్లకు మన దగ్గర కొరతా? చెడిపోతే బాగుచేసే మెకానిక్ మండల కేంద్రంలోనే దొరుకుతాడు.

ఒక ఊళ్లో ఒకావిడ యంత్రం సంగతే ఎత్తలేదు. "శ్రావణంలో మా అమ్మాయికి కాన్పు బాబూ, 108 ఇంటిదాకా వస్తుందా?" అని అడిగింది. ఆమె భయం న్యాయమైనదే. ఆ దారిలో నీరు నిలిచే చోట్లు రెండే. కాలువ తెరిచి, గుంతలు పూడ్చి, తడిపి రోలర్ తిప్పించాం. గ్రేడర్ ఊసే లేదు.

అపోహ: జేసీబీతో గీకిస్తే సరి.

వాస్తవం: గీకిన కొద్దీ రోడ్డు దిగిపోతుంది, ఉన్న గ్రావెల్ గట్టు మీదికి పోతుంది. పొలం కన్నా పల్లమయ్యాక రోడ్డే కాలువవుతుంది. ఈ సలహా మొదట ఎవరిచ్చారో గానీ, ఊరూరా పాకింది.

అపోహ: ఎండల్లో గ్రేడర్‌తో గీస్తే పని తేలిక.

వాస్తవం: పొడి మట్టి దుమ్మై లేస్తుంది, అణగదు. తొలకరి తడి మీద గీయండి, లేదా ట్యాంకర్‌తో తడపండి.

అపోహ: గ్రేడర్ లాగితే ట్రాక్టర్ పాడవుతుంది.

వాస్తవం: అప్పు చేసి కొన్న రైతుకు ఆ బెంగ సహజం. పలుచగా గీయాలి, గ్రేడర్ బరువుకు తగిన ట్రాక్టర్‌ను ఎంచుకోవాలి, అరుగుదలను కూడా లెక్కగట్టి అద్దె ఇవ్వాలి. గట్టిపడిన రోడ్డును పెకలించే పని మాత్రం దానికి పెట్టకండి.

గ్రావెల్ పూర్తిగా కొట్టుకుపోయిన చోట ఎంత గీసినా ఫలితం ఉండదు, కొత్తది తోలాల్సిందే. క్వారీ దగ్గరలో ఉంటే ఒక ట్రాక్టర్‌కు రెండు ట్రైలర్లు పెట్టండి. ఒకటి నింపుతుండగా రెండోది రోడ్డు మీద ఉంటుంది, ఇంజన్ ఖాళీగా నిలబడదు.