ఏ బాక్సర్‌కు ఏ ఊళ్లో జనం వస్తారు?

అనంతపురం

బాక్సింగ్ నేర్చుకుంటున్న చిరంజీవులకు,

ఆశీస్సులు. మీరందరూ కలిసి రాసిన ప్రశ్న అందింది. 2024 నవంబరులో టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ స్టేడియంలో 58 ఏళ్ల మాజీ బాక్సింగ్ ఛాంపియన్ మైక్ టైసన్, యూట్యూబ్‌తో పేరు తెచ్చుకున్న జేక్ పాల్ తలపడ్డారు. రెండేసి నిమిషాల రౌండ్లు ఎనిమిది. ఆట చూసి మీరు నీరుగారిపోయారు. అయినా స్టేడియానికి డెబ్బై వేల మందికి పైగా వచ్చారు, టికెట్ల మీదే కోటీ ఎనభై లక్షల డాలర్ల వరకూ వసూలైంది, తమ ద్వారా ప్రపంచమంతటా 10.8 కోట్ల మంది చూశారని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. 'తెల్లవారకముందే లేచి పరిగెత్తే అసలైన ఛాంపియన్లకు ఇందులో పదో వంతు కూడా రాదు, ఇదెక్కడి న్యాయం తాతయ్యా?' అని అడిగారు. మీ కోపం నాకు నచ్చింది. ఆ కోపం పోగొట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ డబ్బు ఏ దారిన వస్తుందో తెలిస్తే, కోపం ఎవరి మీద పడాలో మీకే తెలుస్తుంది.

నేను గుంతకల్లులో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో పనిచేసినవాణ్ని. సీడెడ్ ఏరియాలో, అంటే రాయలసీమలో, ఏ హీరో బొమ్మకు ఏ ఊళ్లో ఎంత వస్తుందో రోజువారీ కలెక్షన్ రిపోర్టులు చదివి చదివి నేర్చుకున్నాను. ప్రొద్దుటూరులో టికెట్ దొరకని సినిమాను హిందూపురంలో వారం తిరక్కుండానే ఎత్తేసేవారు. బొమ్మ అదే, హీరో అతనే, ఊరు మాత్రం వేరు. అందుకే బయ్యర్ ఒక హీరో సినిమాకు అడ్వాన్సు కట్టేముందు, ఆ పేరు విని తన ఏరియాలో ఎంతమంది గేటు దగ్గరికి వస్తారో లెక్క వేసుకునేవాడు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఆ లెక్క వేసేవాడిని ప్రమోటర్ అంటారు. బాక్సర్ ఎంత బాగా కొడతాడన్నది అతని లెక్కలో ఒక భాగమే. ఎవరి కోసం ఎవరు జేబులో చెయ్యి పెడతారన్నది మిగతాదంతా.

ప్రమోటర్ ఏ దేశం జేబు మీద ఆశ పెట్టుకున్నాడో కనిపెట్టడానికి ఒక గుర్తుంది. పోటీ జరిగిన ఊళ్లో అప్పుడు టైమెంత అయిందో చూడండి. 1974 అక్టోబరు 30న జైర్ (ఇప్పటి డెమోక్రటిక్ కాంగో) దేశంలోని కిన్షాసాలో మహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్ తలపడింది తెల్లవారుజామున నాలుగు గంటల వేళ. అమెరికాలో అది రాత్రి, అక్కడి హాళ్లలో తెరల మీద చూసేవాళ్లకు అనువైన సమయం. ఇద్దరికీ చెరో యాభై లక్షల డాలర్లు ఇస్తామని పూచీపడింది జైర్ అధ్యక్షుడు మొబుటు. పేరు జైర్‌కు, గడియారం అమెరికాకు. మరుసటి ఏడాది మనీలాలో అలీ, జో ఫ్రేజియర్‌ల పోరు ఉదయం పూటే జరిగింది, కారణం అదే. 1990లో టైసన్‌ను బస్టర్ డగ్లస్ పడగొట్టినప్పుడు టోక్యోలో ఆదివారం మధ్యాహ్నం. 2005లో మాంచెస్టర్‌లో రికీ హాటన్, కోస్త్యా జూ తలపడేసరికి అక్కడ అర్ధరాత్రి దాటి రెండయింది. ఇరవై వేల మందికి పైగా సొంత ఊరి జనం ఆ వేళ దాకా మేలుకొని కూర్చున్నారు. 2017లో బ్రిస్బేన్ స్టేడియంలో జెఫ్ హార్న్, మానీ పక్వియావ్‌ల పోటీకి యాభై వేల మంది ఆస్ట్రేలియన్లు ఆదివారం మధ్యాహ్నపు ఎండలో వచ్చారు. టీవీ డబ్బు అమెరికాది, అక్కడ అది శనివారం రాత్రి.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. 2024 మే 6 సాయంత్రం టోక్యో డోమ్‌లో నవోయా ఇనౌయే, మెక్సికో బాక్సర్ లూయిస్ నెరీ తలపడ్డారు. టైసన్ ఓటమి తర్వాత ఆ డోమ్‌లో మళ్లీ బాక్సింగ్ జరగడం అదే మొదటిసారి. నలభై వేల మందికి పైగా వచ్చారు. ఆ సాయంత్రం అమెరికాలో సోమవారం తెల్లవారుజాము. అక్కడివాళ్లు కావాలంటే నిద్ర మానుకొని చూశారు, లేకపోతే లేదు. ఇనౌయే బరువు 55 కిలోల చిల్లర. అంత చిన్న బరువులో ఉన్నవాళ్లు అమెరికాలో ఎంత గొప్పగా ఆడినా పెద్ద మొత్తాలు చూడటం అరుదు. జపాన్‌లో చిన్న బరువుల ఛాంపియన్లను ఇంటిపేరుతో సహా గుర్తుపెట్టుకునే అలవాటు తరాలుగా ఉంది, కంపెనీలు ప్రకటనల డబ్బు పెడతాయి. అందుకే ఇనౌయే కోసం ప్రపంచమే టోక్యోకు వెళ్లాల్సి వచ్చింది. మీలో యాభై కిలోలు దాటనివాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

జనం ఎక్కువ వస్తే డబ్బు ఎక్కువ అనుకోకండి. 1993 ఫిబ్రవరిలో మెక్సికో నగరంలోని అజ్‌టెకా స్టేడియంలో హూలియో సెసార్ చావెజ్‌ను చూడటానికి టికెట్ కొని వచ్చినవాళ్లు 1,32,000 మందికి పైనే. అవతలివాడు గ్రెగ్ హాగెన్ అనే అమెరికన్. చావెజ్ రికార్డంతా టిహువానా టాక్సీ డ్రైవర్లను కొట్టి కూడబెట్టిందని ముందే నోరు పారేసుకున్నాడు. ఆ ఒక్క మాట ఎన్ని వేల టికెట్లు అమ్మిందో నేనైతే ఊహించగలను. ఐదో రౌండులో పోటీ ఆగిపోయింది. ఆ టాక్సీ డ్రైవర్లు గట్టివాళ్లే అయ్యుంటారని తర్వాత హాగెనే ఒప్పుకున్నాడు. అంత జనం రావడానికి కారణం చావెజ్ పేరుతో పాటు టికెట్ ధర కూడా. కూలికి వెళ్లేవాడు కొనగలిగిన ధర పెట్టారు.

దాని పక్కన 2015 మే 2న లాస్ వేగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్‌ను పెట్టండి. ఫ్లాయిడ్ మేవెదర్, పక్వియావ్ పోటీ. హాల్లో ఉన్నది పదహారు వేల మంది. టికెట్ల రాబడి ఏడు కోట్ల డాలర్లు దాటింది. అంటే ఒక్కో సీటుకు సగటున నాలుగు వేల డాలర్లకు పైనే. మామూలు జనానికి అమ్మకానికి పెట్టిన టికెట్లు చాలా కొద్ది, అవి కూడా నిమిషాల్లో అయిపోయాయి. అసలు రాబడి అది కూడా కాదు. పే పర్ వ్యూ అని ఒక పద్ధతి ఉంది. నెల చందాతో సంబంధం లేకుండా ఆ ఒక్క రాత్రి ఆటకు ఇంటివాళ్లు విడిగా డబ్బు కడతారు. ఆ రాత్రి ధర దాదాపు వంద డాలర్లు, అప్పటి మన లెక్కలో ఆరు వేల రూపాయలకు పైన. అమెరికాలో 46 లక్షల కొనుగోళ్లు జరిగాయి, వచ్చింది నలభై కోట్ల డాలర్లకు పైగా. ఫిలిప్పీన్స్‌లో అదే ఆటను బాస్కెట్‌బాల్ కోర్టుల్లో, సినిమా హాళ్లలో ఊళ్లకు ఊళ్లు కూర్చొని చూశాయి. వీధుల్లో రొట్టెలమ్మి పెరిగిన పక్వియావ్‌ను ఆ దేశం పార్లమెంటుకు పంపింది, తర్వాత సెనేటర్‌ను చేసింది. కానీ అతని ఆదాయం వచ్చింది అమెరికాలో స్థిరపడ్డ ఫిలిప్పీన్స్ కుటుంబాల నుంచి, అక్కడి ఇతర ప్రేక్షకుల నుంచి. వాటా పంచుకున్నది కూడా మేవెదర్‌కు అరవై, పక్వియావ్‌కు నలభై.

మేవెదర్ గురించి ఒక మాట చెప్పాలి. రిజర్వేషన్ చేయించుకున్నట్టు పెద్ద రాత్రుల్లో చాలావాటిని అతను మెక్సికన్ల పండుగల దగ్గరే పెట్టుకున్నాడు. మే 5, సెప్టెంబరు 16 తేదీల వారాంతాలు అమెరికాలోని మెక్సికన్ కుటుంబాలు బంధువులతో కలిసి టీవీ ముందు కూర్చునే రోజులు. 2007 మే 5న ఆస్కార్ డి లా హోయాతో 24 లక్షల కొనుగోళ్లు, 2013 సెప్టెంబరు 14న కనెలో అల్వారెజ్‌తో 22 లక్షలు. ఇద్దరు ప్రత్యర్థుల వెనకా మెక్సికన్ అభిమానులున్నారు, తను ఓడిపోతే చూడాలని వాళ్లు డబ్బు కట్టారు. అతను ఒక్కసారీ ఓడలేదు. ఇష్టపడేవాళ్లు ఎంత ఇస్తారో, గిట్టనివాళ్లూ అంతే ఇస్తారని అతనికి తెలుసు. ఆ పొగరు నాకు నచ్చదు, కానీ లెక్క తెలిసినవాడని ఒప్పుకుంటాను. 2006లో పాత ప్రమోటర్‌కు ఏడున్నర లక్షల డాలర్లు కట్టి ఒప్పందం నుంచి బయటికొచ్చాడు. మరుసటి ఏడాది ఒక్క పోటీలోనే రెండున్నర కోట్ల డాలర్లు తీసుకున్నట్టు చెబుతారు.

బ్రిటన్ పద్ధతి వేరు. అక్కడ జనం ఫుట్‌బాల్ క్లబ్బుకు వెళ్లినట్టు తమ ఊరి బాక్సర్ వెంట వెళ్తారు. 2007 డిసెంబరులో హాటన్ లాస్ వేగాస్ వెళ్తే అతని వెంట ముప్పై వేల మంది విమానాలెక్కారంటారు, అందులో చాలామందికి హాల్లోకి టికెట్టే లేదు. ఆ హాటన్ 2025 సెప్టెంబరులో 46 ఏళ్లకే కన్నుమూశాడు. వెంబ్లీ స్టేడియం 2017లో ఆంథొనీ జాషువా, వ్లాదిమిర్ క్లిచ్‌కో కోసం తొంభై వేల మందితో నిండింది. ఈ పెద్ద అంకెల కింద మీకు కనిపించని ఒక చిన్న లోకం ఉంది. లండన్‌లో బెత్నల్ గ్రీన్ పేటలో యార్క్ హాల్ అనే పాత హాలుంది. అలాంటి చోట్ల ఆడే కొత్త బాక్సర్‌కు ప్రమోటర్ టికెట్ల కట్ట చేతికిస్తాడు. చిన్నాన్నకు, ఇంటి పక్కవాళ్లకు, పనిచేసే చోటివాళ్లకు ఆ కుర్రాడే అమ్ముకోవాలి. అమ్మినదాంట్లోంచే అతని వాటా, ప్రత్యర్థికి ఇచ్చే డబ్బు కూడా తరచు అందులోంచే. టికెట్లు అమ్మలేనివాడు ఎంత బాగా ఆడినా వేరే ఊరికి వెళ్లి, అవతలివాడి జనం ముందు తక్కువ డబ్బుకు నిలబడాల్సి వస్తుంది. సాయంత్రం శిక్షణ, రాత్రి ఫోనులో టికెట్ల బేరం. నాకు వెంబ్లీ కంటే ఆ పిల్లలే ఎక్కువ గుర్తుంటారు.

జర్మనీలో ఉక్రెయిన్ అన్నదమ్ములు క్లిచ్‌కోలు ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ స్టేడియాలు నింపారు. విడిగా డబ్బు కట్టనవసరం లేని ఛానల్లో వాళ్ల ఆట వచ్చేది, ప్రకటనల వాళ్లు చెల్లించేవారు. సౌదీలో ఇంకోలా ఉంది. 2024 మేలో టైసన్ ఫ్యూరీ, ఒలెక్సాండర్ ఉసిక్ రియాద్‌లో అర్ధరాత్రి దాటాక తలపడ్డారు. అక్కడి గడియారం లండన్ రాత్రికి సరిపోయింది, ఖజానా మాత్రం సౌదీ ప్రభుత్వ వినోద సంస్థది. 1999 తర్వాత హెవీవెయిట్‌లో తిరుగులేని ఒకే ఛాంపియన్ తేలింది. సంతోషమే. కానీ టికెట్ కొనే మనిషితో లెక్క తెగిపోయిన చోట, ఆ ప్రభుత్వానికి ఆసక్తి తగ్గిన రోజున ఏమవుతుందన్న బెంగ నాకుంది.

మీ కోపం పడాల్సిన చోటు ఇప్పుడు చెబుతాను. క్యూబాకు చెందిన గీయెర్మో రిగొండో 2000, 2004 ఒలింపిక్స్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. క్యూబా 1960ల మొదట్లోనే ప్రొఫెషనల్ క్రీడలను నిషేధించింది. కాబట్టి అతను దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. అంటే తన వెంట టికెట్ కొని వచ్చే ఊరే అతనికి లేదు. 2013 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో, అప్పటికి అందరూ మెచ్చుకుంటున్న నోనీటో డొనైర్‌ను చేతికి చిక్కకుండా ఆడి ఓడించాడు. హాల్లో ఈలలు, ఎగతాళి. తప్పించుకోవడం ఒక విద్య అని తెలియని జనం దాన్ని పిరికితనం అనుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు పెద్ద పేర్లేవీ అతని జోలికి రాలేదు. ఓడిపోయే ప్రమాదం పెద్దది, వచ్చే డబ్బు చిన్నది. నేను చూసిన అన్యాయాల్లో ఇది నన్ను ఇప్పటికీ కుదిపేస్తుంది. జేక్ పాల్ ఎవరి డబ్బూ దొంగిలించలేదు. రిగొండోకు మాత్రం ఒక ఊరు బాకీ ఉంది.

మీలో చిన్నది అడిగింది, ఆడపిల్లల ఆటకు జనం వస్తారా అని. 2022 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కేటీ టేలర్, అమాండా సెరానో పోటీకి పందొమ్మిది వేల మందికి పైగా వచ్చారు. అంత పేరున్న ఆ హాల్లో ఆడవాళ్ల బాక్సింగ్ పోటీ ప్రధాన ఆకర్షణ కావడం అదే తొలిసారి. టేలర్‌ది ఐర్లాండ్, సెరానోది ప్యూర్టోరికో. రెండు జాతులవాళ్లూ తరాలుగా న్యూయార్క్‌లో కాపురం ఉన్నారు. ఊరు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది. 2025 జులైలో ఇద్దరూ మూడోసారి తలపడింది కూడా అదే హాల్లో. ఆ రాత్రి కార్డు, అంటే పోటీల జాబితా, మొత్తం ఆడవాళ్లతోనే నడిచింది.

మన దేశం సంగతి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన విజేందర్ సింగ్ 2015లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2016 జులైలో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో కెర్రీ హోప్ మీద గెలిచినప్పుడు స్టేడియం హోరెత్తింది. కానీ మరుసటి నెల అదే జనం వెళ్లి చూడటానికి ఇంకో పోటీ లేదు. ఒక మనిషికి జనం వచ్చారు, ఆటకు గేటు ఏర్పడలేదు. మన బాక్సర్లకు అన్నం పెడుతున్నది ప్రభుత్వాలు, రైల్వే, సైన్యం, పోలీసు ఉద్యోగాలు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ ఛాంపియన్ అయితే తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్లు, ఇంటిస్థలం ఇచ్చింది. ఆమెకు అది దక్కాల్సిందే. టికెట్ కొనే ప్రేక్షకుడు మాత్రం ఇంకా మన లెక్కలోకి రాలేదు. మీరు తిట్టుకున్న ఆ టైసన్ రాత్రి కార్డులోనే హర్యానా బాక్సర్ నీరజ్ గోయత్, బ్రెజిల్‌లో కోట్లమంది చూసే ఒక హాస్యనటుడిని ఓడించాడు. ఆ జతను ఎందుకు పెట్టారో ఇప్పుడు మీరే చెప్పగలరు.

మీలో పెద్దవాడు ప్రొఫెషనల్‌గా మారాలనుందని చివర్లో రాశాడు. వద్దని నేననను. ఎవరైనా కాగితాలు తెస్తే అందులో ఏడాదికి ఎన్ని పోటీలు ఇస్తామన్నారో, టికెట్లు అమ్మే బాధ్యత ఎవరిదో, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో, ఎన్నేళ్లకు కట్టేస్తున్నారో చూసుకో. చదివి అర్థం కాకపోతే సంతకం పెట్టకుండా ఇంటికి తీసుకురా. ఒప్పందాలు చదవడం నా వృత్తి, ఇద్దరం కూర్చొని చదువుదాం.

మీ తాతయ్య