లివర్ జబ్బుకు ఫోన్‌లో వైద్యమా? అపోహలు – వాస్తవాలు

సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లు చాలామంది జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి హైదరాబాద్‌లో మా ఓపీకి వస్తుంటారు. కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే తెల్లారేసరికి వాపు ఇంకాస్త పెరుగుతుంది. దారిలో బాత్రూం ఇబ్బందని నీటి మాత్ర (ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పంపేది), లాక్టులోజ్ సిరప్ (విరేచనం అయ్యేలా చేసేది) ముందురోజే మానేస్తారు. అలా వచ్చిన మనిషిని చూసి డోసు మార్చడం కంటే, ఇంట్లో సక్రమంగా మందులు వేసుకుంటున్న మనిషిని వీడియోలో చూడటమే ఒక్కోసారి నయం. అయినా అనుమానాలు తీరవు.

అపోహ: పొట్ట నొక్కి చూడకుండా ఏం తెలుస్తుంది?

పొట్టలో నీరు మా చేతి పరీక్షకు తెలియాలంటే సుమారు లీటరున్నర చేరాలి. బరువు మిషన్ అంతకంటే ముందే పట్టేస్తుంది. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు, రోజూ అదే మిషన్ మీద చూసుకుని క్యాలెండర్ గడిలో రాయండి. వీడియోలో నేను మొదట చూపించమనేది ఆ క్యాలెండరే. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. కాళ్లవాపు లేనివాళ్లు రోజుకు అరకిలో కంటే ఎక్కువ తగ్గుతున్నా సంతోషించొద్దు. నీటి మాత్ర ఎక్కువైందేమో, కిడ్నీల మీద భారం పడుతుందేమో చూడాలి. అందుకే సోడియం, పొటాషియం, క్రియాటినిన్ రిపోర్టు చూడకుండా ఆ డోసు పెంచను. ఆ పరీక్షలు మీ ఊరి ల్యాబులోనే చేయించొచ్చు.

ఓపీలో దొరకనిది ఇంకోటి వీడియోలో దొరుకుతుంది: వంటిల్లు. ఆవకాయ జాడీ, అప్పడాల డబ్బా సరే, మంచిదని కొన్న ‘లో సోడియం’ ఉప్పు ప్యాకెట్ కూడా కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. అందులో పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్ అనే నీటి మాత్ర వాడేవాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగిపోతుంది, అది ప్రమాదం.

అపోహ: ఫోన్‌లో పేషెంటు చెప్పిందే నమ్మాలి

పేషెంటు ఎప్పుడూ “బాగానే ఉన్నా డాక్టరు గారూ” అనే అంటాడు. పక్కన కెమెరాలో కనబడకుండా కూర్చున్న భార్య అందుకుంటుంది: “ఎక్కడ బాగు? పగలంతా నిద్ర, రాత్రంతా ఇల్లంతా తిరుగుడు. నిన్న టీవీ రిమోట్ చెవికి పెట్టుకుని హలో అంటున్నారు.” నాకు కావాల్సింది ఆ మాట. లివర్ జబ్బు మెదడు మీద పనిచేయడం మొదలైనప్పుడు ముందు తారుమారయ్యేది నిద్రే. రెండు చేతులూ చాచి, బస్సు ఆపుతున్నట్టు అరచేతులు ఎత్తి పట్టమంటాను. మణికట్టు దగ్గర చేతులు జారి జారి కొట్టుకుంటుంటే వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్క నిమిషంలో తెలిసిన జంతువుల పేర్లన్నీ చెప్పమంటాను. జీవితమంతా పశువుల మధ్య గడిపిన రైతు ఆవు, గేదె, మేక దగ్గర ఆగి మళ్లీ ఆవు అన్నాడంటే ఆలోచించాల్సిందే.

తర్వాత విరేచనాల లెక్క, మెదడుకు చేటు చేసే పదార్థాలు బయటికి పోయేది అలాగే. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా అవ్వాలి. అవ్వకపోతే లాక్టులోజ్ సిరప్ పెంచుతాం. నీళ్లలా ఆరేడు సార్లు అవుతుంటే తగ్గిస్తాం, ఒంట్లో నీరు తగ్గినా తికమక వస్తుంది. నిద్రమాత్ర రాయమని మాత్రం బతిమాలొద్దు. ఈ స్థితిలో అది మనిషిని కోమా దాకా తీసుకెళ్లగలదు.

అపోహ: కళ్లు కెమెరాకు చూపిస్తే కామెర్లు తగ్గాయో లేదో చెప్పేయొచ్చు

చెప్పలేం. ట్యూబ్‌లైటు, ఫోన్ కెమెరా రంగు మార్చేస్తాయి. కామెర్లు ఎంతున్నాయో చెప్పే రక్తపరీక్ష, బిలిరుబిన్, చేయించండి.

అపోహ: ఫోన్‌లో రాసిన చీటీ చెల్లదు

2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ (ఫోన్, వీడియో ద్వారా వైద్యం) మార్గదర్శకాలు ఇచ్చింది. రిజిస్టర్డ్ డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ఇచ్చిన చీటీ చెల్లుతుంది.

అపోహ: ఇది స్మార్ట్‌ఫోన్, ఇంగ్లిష్ ఉన్నవాళ్ల వ్యవహారం

అమెరికాలో ఉన్న కూతురు కూడా కాల్‌లో చేరి మా కంటే ఎక్కువ ప్రశ్నలు వేసే ఇళ్లున్నాయి, నిజమే. కానీ ప్రభుత్వం నడిపే వీడియో వైద్య సేవ ఈ-సంజీవనిలో ఊళ్లోని ఆరోగ్య కేంద్రం సిబ్బందే పేషెంటును కూర్చోబెట్టి డాక్టరుతో మాట్లాడిస్తారు. దూరం నుంచి లివర్ వైద్యం కొత్తదీ కాదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. పల్లెల్లో, జైళ్లలో పనిచేసే మామూలు డాక్టర్లకు వీడియోలో సలహాలిస్తూ హెపటైటిస్ సి (లివర్‌కు సోకే వైరస్ జబ్బు) వైద్యం చేయించారు. 2011లో వచ్చిన ఫలితాల్లో ఆ పల్లెల్లో, జైళ్లలో 58.2 శాతం మందికి వైరస్ పోయింది, యూనివర్సిటీ ఆసుపత్రిలో 57.5 శాతం మందికి.

వీడియోకున్న అసలు లోపం వేరే. తాగుడు గురించి ఇంట్లోవాళ్ల ముందు అడిగితే అందరూ “మానేశాను” అంటారు. ఓపీలో తోడొచ్చినవాళ్లను బయట కూర్చోమంటాం, ఇంట్లో ఎవరిని పంపగలం? అందుకని ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమని, “ఆ”, “లేదు” అంటే సరిపోయే ప్రశ్నలే అడుగుతాను. “ఈ వారం తాగారా? రోజూనా?” పక్కవాళ్లకు వినబడేది ఒక్క “ఆ” మాత్రమే.

అపోహ: వీడియో మొదలెట్టాక ఇక ఆసుపత్రికి వెళ్లక్కర్లేదు

సిర్రోసిస్ ఉన్నవాళ్లకు కేన్సర్ తొలిదశలోనే దొరకాలంటే ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పదు. ఎండోస్కోపీకి ఎప్పుడు రమ్మంటే అప్పుడు రావాల్సిందే. రక్తపు వాంతి, తారులా నల్లటి జిగట విరేచనం, పొట్టలో నీరుండగా జ్వరమో కడుపునొప్పో, మూత్రం బాగా తగ్గిపోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం – వీటిలో ఏది కనబడినా వీడియో లింకు కోసం ఎదురుచూడొద్దు. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. వాట్సాప్‌లో మాకు పంపిన రిపోర్టులన్నీ మీ ఫోన్‌లోనే ఉంటాయి, క్యాజువాలిటీ డాక్టరుకు ముందు అవి చూపించండి.