హోస్ తగిలించాకే అసలు గండం

చౌటుప్పల్ దాటి చిట్యాల వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే యాసిడ్, సాల్వెంట్ ట్యాంకర్లు ఎదురుపడుతూనే ఉంటాయి. జడ్చర్ల దగ్గర 44వ నంబరు రోడ్డు మీదా అంతే. అవి ఎక్కడ బోల్తా పడతాయోనని చుట్టుపక్కల ఊళ్లకు టెన్షన్. ఆ భయం తప్పు కాదు గానీ, ట్యాంకర్ క్షేమంగా కంపెనీ గేటు దాటాక, సరుకు దింపే గొట్టం (హోస్) తగిలించే దగ్గర ఇంకో గండం ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మన నిబంధనలకు మూలం భోపాల్ గ్యాస్ దుర్ఘటన. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి, మిథైల్ ఐసోసైనేట్ ఉన్న 610వ నంబరు ట్యాంకులోకి నీళ్లు చేరాయి. ఆ తర్వాతే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు వచ్చాయి. ఈ నిబంధనల్లోని బరువైన బాధ్యతలు నిల్వ పరిమాణాన్ని బట్టి ఉంటాయి. క్లోరిన్‌కైతే 10 టన్నులకు కొన్ని, 25 టన్నులకు ఇంకొన్ని. భోపాల్ చూశాక పెద్ద ట్యాంకు మీదే దృష్టి పడటం సహజమే. కానీ అన్‌లోడింగ్‌లో ఎంత సరుకు ఉందన్న దానికంటే ఎవరు, దేన్ని, దేనికి కలుపుతున్నారన్నదే ముఖ్యం.

అమెరికాలో జరిగినవి చూడండి. 2002 ఆగస్టులో మిస్సోరీలోని ఫెస్టస్‌లో రైలు ట్యాంకర్ నుంచి క్లోరిన్ దింపుతుండగా హోస్ పగిలింది. హోస్ చుట్టూ ఉండే లోహపు అల్లిక క్లోరిన్‌ను తట్టుకునే లోహంతో చేసింది కాదు. అత్యవసర వాల్వులూ సరిగా మూసుకోలేదు. దాదాపు 3 గంటలపాటు 48,000 పౌండ్ల (దాదాపు 22 టన్నుల) క్లోరిన్ బయటికి పోయింది.

2016 అక్టోబర్ 21న కాన్సాస్‌లోని అచిసన్‌లో ఏదీ పగల్లేదు. ఆపరేటర్ సల్ఫ్యూరిక్ యాసిడ్ లైను తాళం తీసి, డ్రైవర్‌కు చూపించి లోపలికి వెళ్లిపోయాడు. పక్కనే అచ్చం అలాంటిదే ఇంకో పైపు, సోడియం హైపోక్లోరైట్‌ (బ్లీచింగ్ ద్రవం)ది. దానికీ తాళం లేదు. డ్రైవర్ హోస్‌ను దానికి బిగించాడు. యాసిడ్, హైపోక్లోరైట్ కలిసి విషపూరితమైన క్లోరిన్ మేఘం లేచింది. 140 మందికి పైగా చికిత్స పొందారు.

హోస్ సరైన పైపుకే పెట్టినా పని అయిపోయినట్టు కాదు. ద్రవం దిగేకొద్దీ ట్యాంకులోని ఆవిరి బయటికి తోసుకొస్తుంది. దాన్ని ట్యాంకర్‌లోకి తిప్పిపంపే లైనో, కాస్టిక్ సోడా ద్రావణంతో ఆవిరిని కడిగే పరికరమో (స్క్రబ్బర్) ఉండాలి. మందుల తయారీలో వాడే థయోనిల్ క్లోరైడ్‌తో ఇంకో చిక్కు: హోస్‌లో కాస్త తడి ఉన్నా సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ పుడతాయి. వాన పడ్డ రాత్రి మూత లేకుండా నేల మీద పడేసిన హోస్ చాలు.

ట్యాంకర్ డ్రైవర్ బయటివాడు. ఏ పైపు దేనిదో అతనికి తెలియదు. అందుకే ఒక్కో రసాయనానికి ఒక్కో రకం కప్లింగ్ (హోస్‌ను పైపుకు బిగించే మూతి), ఒక్కో తాళం పెట్టాలి. తాళం తీసిన ఆపరేటర్ హోస్ ఊడదీసేదాకా అక్కడే నిలబడాలి. వీటి ఖర్చు ఒక లోడు సరుకు ధరలో ఏ మూలకూ రాదు.