పగడాల తొట్టిలో తుంగ

టెక్సస్‌లో ఉంటున్న మా మేనకోడలు కొన్నేళ్లుగా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకొని పగడాలు పెంచుతోంది. ఆమె పంపిన ఫొటోలో, ఊదారంగు పూత పట్టిన రాతి సందులోంచి సన్నటి కాడ మీద విప్పారిన లేత గోధుమరంగు పువ్వు లాంటి ప్రాణి ఒకటి ఉంది. “మామయ్యా, దీన్ని రెండుసార్లు పట్టకారుతో పీకేశాను. ఒకటి పోయి పదకొండయ్యాయి, అచ్చం రక్తబీజుడే. రాయిని బయటికి తీసి ఉడకబెట్టేయనా?” అని కింద రాసింది. ఆ చివరి ప్రశ్న చూడగానే ఫోన్ చేసి వద్దని చెప్పాను. మిగతావి తీరిగ్గా రాస్తున్నాను.

దాని పేరు ఐప్టేసియా. శాస్త్రీయ నామం ఎక్సైప్టేసియా డయాఫానా. సముద్రపు ఎనిమోన్లలో ఒకటి, పగడాలకు దగ్గరి చుట్టం. కాడ పారదర్శకంగా ఉంటుంది, పైన పళ్లెం లాంటి భాగం మధ్యలో నోరు ఉంటుంది, చుట్టూ కొనదేరిన స్పర్శకాలు వరుసలు తీరి ఉంటాయి. పుల్లతో తాకితే రెప్పపాటులో సందులోకి ముడుచుకుపోతుంది. మరీ వేధిస్తే ఒంటి రంధ్రాల్లోంచి తెల్లటి దారాలను బయటికి వదులుతుంది. దీని పోలికలే ఉన్న మజానో ఎనిమోన్‌కు స్పర్శకాల కొనలు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. గొట్టపు పురుగులు కూడా తాకితే ముడుచుకుంటాయి గానీ, వాటి కిరీటం ఈకలా ఉంటుంది, కాడ చుట్టూ గట్టి గొట్టం ఉంటుంది. అవి నీటిని వడకట్టుకొని బతికే నిరపాయ జీవులు. రాత్రిపూట టార్చి వేస్తే కనిపించే ముళ్లపురుగులలో ఎక్కువ భాగం మిగిలిన తిండిని శుభ్రం చేసేవే. పురుగు కంటబడగానే దాని పేరైనా అడగకుండా మందు వెతకడం మన పొలాల్లోనూ ఉన్న అలవాటే.

రక్తబీజుడి పోలిక అందరికీ తోచేదే కానీ, అది సరిగ్గా అతకదు. రక్తబీజుడి మీద ఎవరూ కత్తి ఎత్తకపోతే అతడు ఒక్కడిగానే ఉండేవాడు. ఐప్టేసియాను ఎవరూ ముట్టుకోకపోయినా పెరుగుతుంది. అది రాతిని పట్టుకొని ఉండే అడుగు భాగాన్ని పాదం అంటారు. ఆ పాదంతో మెల్లగా జరుగుతూ పోయేటప్పుడు, అంచు నుంచి చిన్న చిన్న ముక్కలను తెంపి వెనక వదిలేస్తుంది. ఒక్కొక్క ముక్కా ఒకటి రెండు వారాల్లో నోరు, స్పర్శకాలు మొలిపించుకొని పిల్ల ఎనిమోన్ అవుతుంది. పట్టకారుతో లాగినప్పుడు జరిగేదీ ఇదే, కాకపోతే ఒక్కసారిగా జరుగుతుంది: కాడ చేతికి వస్తుంది, పాదం చీలికలై రాతి రంధ్రాల్లో మిగులుతుంది.

దీనికి సరైన పోలిక తుంగ. తుంగ మొక్కను పీకితే ఆకులు చేతికి వస్తాయి, గడ్డలు మట్టిలో ఉండిపోతాయి. నేల కింద ఆ గడ్డలు సన్నటి వేరు లాంటి కాండంతో గొలుసుకట్టుగా ఉంటాయి. గొలుసు తెగనంతవరకు కొనగడ్డ ఆధిపత్యం వల్ల మిగిలినవాటిలో చాలా మటుకు నిద్రాణంగానే ఉంటాయి. నాగలి వాటిని విడదీసిన మరుక్షణం ఆ అదుపు పోయి, దేనికది మొలకెత్తుతుంది. అందుకే తడినేలలో తుంగను దున్నడమంటే దాన్ని నాటడమే. ఐప్టేసియాకు నిద్రాణ దశ లేదు కాబట్టి పోలిక ఆ ఒక్కచోట తెగుతుంది, మిగిలిందంతా నిలబడుతుంది. పైన కనిపించేది కాదు, కింద మిగిలేది లెక్క. రైతు వేసవి దుక్కిలో గడ్డలను ఎండకు మాడ్చగలడు. తొట్టిలోని రాయిని ఎండబెడితే ఐప్టేసియాతో పాటు, ఆ రాతిని అంటిపెట్టుకొని నీటిని శుద్ధి చేస్తున్న బాక్టీరియా కూడా చస్తుంది. చీకట్లో ఉంచుదామన్నా లొంగదు. దాని కణాల్లో సహజీవనం చేసే శైవలాలు వెలుతురు లేక నశించినా, తిండి దొరికితే చాలు, పాలిపోయి బతుకుతుంది. పగడాల మీద పరిశోధించేవారు దీన్ని ప్రయోగశాలల్లో పనిగట్టుకొని పెంచడానికి ముఖ్య కారణం ఈ మొండితనమే.

పక్కనున్న పగడాలకు దీనివల్ల కలిగే హాని దంశకణాలతో, అంటే కుట్టే కణాలతో, వస్తుంది. ప్రతి దంశకణంలోనూ ఒక గుళిక, దాని లోపల చుట్ట చుట్టిన బోలు దారం ఉంటాయి. గుళికలో నిండిన పాలీగామాగ్లుటమేట్ అనే పదార్థం లోపలి పీడనాన్ని విపరీతంగా పెంచుతుంది. వీటి బంధువైన హైడ్రాలో కొలిచినప్పుడు అది సుమారు 150 అట్మాస్ఫియర్లని తేలింది, అంటే కారు టైరులోని పీడనానికి దాదాపు 70 రెట్లు. హైడ్రా దంశకణం పేలడాన్ని జర్మనీ శాస్త్రజ్ఞులు అతివేగపు కెమెరాతో చిత్రించి 2006లో ప్రకటించారు: ముల్లు దూసుకువచ్చే దశ 700 నానోసెకన్లలో ముగుస్తుంది, త్వరణం భూమ్యాకర్షణకు 50 లక్షల రెట్లు దాటుతుంది. ఇన్ని తుపాకులు మోసే జంతువును తినే ప్రాణి ఉంటుందా అంటే, ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఉడకబెట్టడం సంగతి. ఆ రాళ్ల మీద బొత్తాల్లా గుంపుగా పెరిగే జోయాంతిడ్‌లు అనే పగడాల చుట్టాలు ఉండవచ్చు. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. రాయిని మరిగిస్తే అది ఆవిరితో పాటు ఊపిరితిత్తులకు చేరి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేయగలదు. అక్వేరియం జోయాంతిడ్‌ల వల్ల ఇలా విషం పీల్చి జబ్బుపడ్డవారి ఉదంతాలు అలాస్కాలో 2012–2014 మధ్య నమోదయ్యాయి. ఈ విషాన్ని 1971లో హవాయిలో వేరుచేశారు. అది దొరికిన నీటిగుంటను తాకరాదని అక్కడివారికి అప్పటికే ఒక నిషేధం ఉండేది. సొరచేప దేవుడి బూడిద కలిసిందన్న కథను పక్కన పెడితే, ఆ గుంటలోని నాచు లాంటి పదార్థం చంపుతుందన్న పరిశీలనలో తప్పేమీ లేదు. మూఢనమ్మకమని కొట్టివేసే ముందు అందులో ఎంత పరిశీలన ఉందో చూడమని నేను విద్యార్థులకు చెప్పేది ఇందుకే.

చేతితో చేయగల పనుల్లో నాకు నచ్చింది సున్నం. తాంబూలానికి రాసుకునే కాల్షియం హైడ్రాక్సైడే ఇది. అమెరికాలో ఊరగాయల కోసం అమ్మే శుద్ధమైన రకం దొరుకుతుంది. నీటితో ముద్దగా కలిపి సిరంజిలోకి ఎక్కించాలి, పంపులు ఆపాలి, ఎనిమోన్ ముడుచుకోకముందే నోటి మీద మెత్తగా జార్చి, పైన కప్పివేయాలి. సముద్రపు నీటి పీహెచ్ 8.2 చుట్టూ ఉంటే, సున్నపు ముద్దది 12 దాటుతుంది. ఆ క్షారానికి కణజాలం కరుగుతుంది. తొట్టి మొత్తం పీహెచ్ ఎగబాకకుండా రోజుకు రెండు మూడింటితో ఆపాలి. మిగిలిన సున్నం కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది, పగడపు అస్థిపంజరం కూడా అదే పదార్థం. మన కోస్తాలో గుల్లలు కాల్చి సున్నం చేసినవారి పని ఇక్కడ వెనక్కి నడుస్తున్నట్టుంటుంది. అయినా లోతైన రంధ్రంలోని పాదానికి సున్నం అందకపోతే మళ్లీ తుంగ కథే.

పెప్పర్‌మింట్ రొయ్యల్లో కొన్ని ఐప్టేసియాను తింటాయి, కొన్ని తినవు. పైగా వాటి పేరుతో పగడాలను కొరికే ఒంటె రొయ్యలను అంటగట్టే దుకాణాలున్నాయి. నమ్మదగినది బెర్ఘియా. ఫ్లోరిడా నుంచి 2005లో వర్ణించిన ఈ గుల్లలేని సముద్రపు నత్త రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, ఐప్టేసియా తప్ప మరేదీ ముట్టదు. రాత్రివేళ సందుల్లోకి దూరి, సిరంజి చేరలేని చోట కూడా మేస్తుంది. జిగురు పొర దాని ఒంటిని కాపాడుతుంది. ఇంకా పక్వం కాని దంశగుళికలు పేలకుండానే దాని పేగులోకి పోతాయి. అక్కడి నుంచి వీపు మీది వేళ్లలాంటి కొమ్మల చివరనున్న సంచుల్లోకి చేరి, అక్కడ ఆమ్లత పెరిగాక ఆయుధాలుగా పక్వమవుతాయి. తాను తిన్న జంతువు తుపాకులనే తన కాపలాకు పెట్టుకుంటుందన్నమాట. అయినా కొన్ని చేపలు, అదే పెప్పర్‌మింట్ రొయ్యలు, దీన్ని తినేస్తాయి కాబట్టి రెండింటినీ ఒకేసారి వదలకూడదు. ఐప్టేసియా అయిపోతే బెర్ఘియాకు ఆకలిచావు తప్పదు. అప్పుడు వాటిని ఏరి, బెడద ఉన్న మరొకరి తొట్టికి ఇచ్చేయాలి.

మేనకోడలు ఎనిమిది బెర్ఘియాలను తెచ్చి వదిలింది. మూడు వారాలకు మరో ఫొటో వచ్చింది: అద్దం మీద తెల్లటి దారం, చిన్న జంతికలా చుట్టలు తిరిగి అతుక్కొని ఉంది. “మామయ్యా, ఇదేం కొత్త పురుగు? గీకేయనా?” అని అడిగింది. గీకవద్దని, అవి బెర్ఘియా గుడ్లని, రెండు వారాలలోపే పొదుగుతాయని రాశాను.