పబ్బు మేడ మీద పాట: ఇంగ్లండ్ ఫోక్ క్లబ్బుల వెనక కథ

ఇంగ్లండ్‌లో నలభై, యాభై ఏళ్లు నడిచిన ఫోక్ క్లబ్, అంటే జానపద పాటలు పాడుకునే చోటు, ఏదైనా మూతపడుతోందంటే, జనం రాసుకునే వీడ్కోలు మాటల్లో ఒక సంగతి నన్ను ప్రతిసారీ ఆపేస్తుంది. అక్కడికొచ్చి పాడి వెళ్లిన పెద్ద గాయకుల ప్రస్తావన తక్కువ. మొదటిసారి నలుగురి ముందు నిలబడి గొంతు విప్పింది ఆ గదిలోనే అని రాసేవాళ్లు ఎక్కువ. రెండో చరణం మర్చిపోతే వెనక వరసలోంచి ఎవరో అందించారని, చేతులు వణుకుతున్నా చివరిదాకా పాడనిచ్చారని రాస్తారు. తలుపు దగ్గర డబ్బులు తీసుకునే మనిషిని పేరు పెట్టి తలుచుకుంటారు. క్లబ్బు పోతుంటే శ్రోతలు తాము పాడిన పాటని ఎందుకు తలుచుకుంటారో తెలియాలంటే, ఈ క్లబ్బులు ఎలా పుట్టాయో, ఎలా నడిచాయో చూడాలి.

ముందు ఆ గది గురించి చెప్పాలి. చాలా చోట్ల ఫోక్ క్లబ్ అంటే వారానికి ఒక్క సాయంత్రం, అంతే. ఊళ్లో ఒక పబ్బు, మేడ మీదో వెనక వైపో వారంలో చాలా రోజులు ఖాళీగా ఉండే గది. అద్దె ఉండదు, ఉన్నా నామమాత్రం. వచ్చినవాళ్లు కింద బీరు కొనుక్కుంటారు కాబట్టి పబ్బు యజమానికి అదే గిట్టుబాటు. ఏడున్నరకి ఇద్దరు ముగ్గురు వచ్చి కుర్చీలు సర్దుతారు. తలుపు దగ్గర చిన్న బల్ల, దాని మీద చిల్లర డబ్బా, లాటరీ టికెట్ల పుస్తకం. మైకు చాలా చోట్ల ఉండదు. మొదట క్లబ్బు సొంత గాయకులు, అంటే రెసిడెంట్లు, రెండు పాటలు పాడి గదిని వేడెక్కిస్తారు. తర్వాత ఆ రాత్రి పాడతామని పేరిచ్చిన మామూలు జనం ఒక్కొక్కరుగా వచ్చి ఒకటో రెండో పాడతారు. వీళ్లని ఫ్లోర్ సింగర్లు అంటారు. వేదిక లేదు, నేల మీదే నిలబడి పాడతారు కాబట్టి ఆ పేరు. ఆ తర్వాతే అతిథి గాయకుడు. విరామంలో లాటరీ తీస్తారు, బహుమతి ఒక వైన్ సీసా. అతిథికి ఇవ్వాల్సిన డబ్బులో లోటు పడితే ఆ లాటరీ డబ్బే పూడుస్తుంది. ఆ రాత్రికి అతిథి పడక చాలాసార్లు నిర్వాహకుల ఇంట్లో సోఫా మీదే.

పల్లవి వచ్చేసరికి గది గదంతా అందుకుంటుంది. ఎవరూ ఎవరికీ నేర్పరు. ఒకరు పై స్థాయిలో, ఇంకొకరు కింది స్థాయిలో, వరసలు తెలిసినవాళ్లు వాటి మధ్య ఇంకో దారిలో పాడతారు. మన ఊళ్లో రామాలయం దగ్గర శనివారం భజన ఎరిగినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. భజనలో పాడేవాళ్లు, వినేవాళ్లు అని రెండు జట్లు ఉండవు, వంత అందుకోని మనిషి కనిపించడు. ఫోక్ క్లబ్బు ఊపిరి కూడా ఆ వంతే.

ఈ పాటలు వెతకడం మొదలై నూరేళ్లు దాటింది. 1898లో లండన్‌లో జానపద గేయాల సంఘం ఒకటి ఏర్పడింది. 1903లో సెసిల్ షార్ప్ అనే సంగీత ఉపాధ్యాయుడు సోమర్సెట్ ప్రాంతంలోని హాంబ్రిడ్జ్ ఊరికి, అక్కడి చర్చి ఫాదర్ అయిన స్నేహితుడి ఇంటికి వెళ్లాడు. ఆ ఇంటి తోటలో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి గడ్డి కోస్తూ ఒక పాట పాడుకుంటున్నాడు. షార్ప్ నోటుబుక్కు తీసి అక్కడికక్కడే ఆ వరస రాసుకున్నాడు. ఆ సాయంత్రమే దాన్ని పియానో సహకారంతో చర్చి గాయకుల విందులో పాడించారు. అక్కడి నుంచి ఆయన వేల పాటలు సేకరించాడు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఆ తోటమాలి మీదికే పోతుంది మనసు. పాట పొద్దున అతని దగ్గర ఉంది, సాయంత్రానికి పియానో పక్కకి చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు ఆ పాటలు ఎక్కువగా బడి పుస్తకాల్లో, పియానో పక్కన, కచేరీ గొంతుల్లోనే ఉండిపోయాయి.

మన పాటల్ని కూడా అంతకు ముందే ఇంగ్లీషువాళ్లు కాగితం మీద పెట్టారు. సర్వాయి పాపడి పాటతో సహా తెలుగు వీరగాథల మీద జె.ఎ. బోయ్‌ల్ రాసిన వ్యాసం 1874లోనే అచ్చయింది. అయితే రాసిపెట్టడం వేరు, మళ్లీ నోళ్లలోకి తేవడం వేరు. ఫోక్ క్లబ్బులు చేసింది ఆ రెండో పని.

దానికి దారి వేసింది, విచిత్రంగా, అమెరికా పాట. 1956 మొదట్లో లోనీ డోనెగన్ పాడిన ఒక అమెరికన్ రైలు పాట బ్రిటన్ అంతటా మారుమోగింది. ఆ తరహాని స్కిఫిల్ అన్నారు. ఒక చవక గిటారు, బట్టలుతికే రేకు బల్ల, టీ పెట్టెకి కర్ర, తీగ బిగించి చేసిన వాయిద్యం ఉంటే చాలు. సంగీతం నేర్చుకోకపోయినా పర్వాలేదు. కుర్రాళ్లు వేలకి వేలు గిటార్లు కొన్నారు. లివర్‌పూల్‌లో జాన్ లెనన్ మొదటి బృందం కూడా స్కిఫిల్ బృందమే. ఆ ఊపు రెండేళ్లలో చల్లబడింది. గిటార్లు మాత్రం చేతుల్లో ఉండిపోయాయి. వాటితో ఏం పాడాలన్న ప్రశ్న మిగిలింది.

జవాబు ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు ఈవన్ మెక్‌కాల్. సాల్ఫర్డ్ కార్మికవాడలో పుట్టిన నటుడు, నాటక రచయిత, కమ్యూనిస్టు. ఆయనకి తోడు పాత పాటల పండితుడు ఎ.ఎల్. లాయిడ్. కమ్యూనిస్టులన్న అనుమానంతో జనాన్ని వేధించిన మెకార్తీ కాలంలో అమెరికా వదిలి వచ్చిన పాటల సేకర్త అలన్ లోమాక్స్ వీళ్లిద్దరినీ కలిపాడు. 1950ల చివర లండన్‌లో ప్రిన్సెస్ లూయీజ్ అనే పబ్బు మేడ మీద వీళ్ల పాటల సాయంత్రాలు మొదలయ్యాయి. ఉత్తరాన బ్రాడ్‌ఫర్డ్‌లో టాపిక్ ఫోక్ క్లబ్ 1956లోనే మొదలైంది. అన్నిటికంటే పాత క్లబ్బుగా దానికి పేరు.

ఈ లండన్ క్లబ్బులో ఒక చిక్కు వచ్చింది. లండన్ కుర్రాడు ఒకడు అమెరికా నల్లజాతి కూలీల పాటని తన లండన్ యాసలో పాడుతుంటే, అమెరికా నుంచి వచ్చిన గాయని పెగ్గీ సీగర్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె తర్వాత ఆ సంగతి తనే రాసింది. దాని మీద వాదోపవాదాలు జరిగాక, క్లబ్బు వేదిక మీద పాడేటప్పుడు ఎవరి భాష, ఎవరి నేల పాట వాళ్లు పాడాలన్న నియమం పెట్టుకున్నారు. 1961లో మెక్‌కాల్, సీగర్ మొదలుపెట్టిన సింగర్స్ క్లబ్ దీన్ని గట్టిగా పాటించింది. ఈ నియమం మీద ఇంగ్లండ్‌లో ఇప్పటికీ కొట్లాడుకుంటారు. నాకూ అది కఠినంగానే కనిపిస్తుంది, పాటకి పాస్‌పోర్టు అడిగినట్టు ఉంటుంది. కానీ దానివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. అంతవరకు టెక్సాస్ పాటలు పాడుతున్న కుర్రాళ్లు ఇళ్లకి వెళ్లి నాయనమ్మల్ని అడగడం మొదలుపెట్టారు. బొగ్గు గనుల పాటలు, చేపల పడవల పాటలు, మరమగ్గాల పాటలు మళ్లీ బయటికొచ్చాయి. తోటమాలి దగ్గర మొదలైన పాట తోటమాలి మనవళ్ల దగ్గరికి తిరిగొచ్చింది.

1960ల్లో క్లబ్బులు వందల్లో పుట్టాయి. రేవు పట్టణం హల్‌లో, చిన్నప్పుడే అమ్మానాన్నల్ని పోగొట్టుకుని అమ్మమ్మ దగ్గర పెరిగిన నోర్మా, మైక్, లాల్ వాటర్సన్‌లు బ్లూ బెల్ అనే పబ్బులో క్లబ్బు నడిపారు. వాయిద్యం ఏదీ లేకుండా ఉత్త గొంతులతో వాళ్లు పాడిన తీరు దేశమంతా పాకింది. 1962 డిసెంబరులో బాబ్ డిలన్ అనే కుర్రాడు సింగర్స్ క్లబ్‌కి వచ్చి పాడాడు, అప్పటికి అక్కడ అతనెవరో చాలామందికి తెలియదు. అమెరికా గాయకుడు పాల్ సైమన్ 1964, 65లో గిటారు పట్టుకుని రైళ్లలో ఊరూరా తిరిగి ఈ క్లబ్బుల్లో పాడాడు. తర్వాత అతని గొంతులో ప్రపంచమంతా విన్న ఒక పాత ఇంగ్లీషు పాట, ఇక్కడి జానపద గాయకుడు మార్టిన్ కార్తీ దగ్గర నేర్చుకుందే. లండన్ గ్రీక్ స్ట్రీట్‌లో నేలమాళిగలో నడిచిన లే కజాన్ క్లబ్బు 1965 నుంచి 1972 వరకే ఉంది. అయినా బర్ట్ జాన్ష్, సాండీ డెన్నీ లాంటి గాయకుల పేర్లు చెబితే దాని పేరు రాక తప్పదు. పాటల మధ్య కబుర్లు చెప్పీ చెప్పీ పెద్ద హాస్యనటులైన బిల్లీ కానొలీ, జాస్పర్ కారట్ కూడా ఈ గదుల్లోంచి వచ్చినవాళ్లే.

ఇన్ని పేర్లు చెప్పినా, అసలు విశేషం ఆ పేర్లలో లేదు. ఏ పేరూ రాని వేలమంది వారం వారం లేచి ఒక పాట పాడి కూర్చున్నారు. బస్సు డ్రైవరు, టీచరు, నర్సు, వడ్రంగి. ఆ రాత్రి అతిథి ఎంత గొప్పవాడైనా, అతనికి ముందు అదే నేల మీద వాళ్లు నిలబడి ఉంటారు.

మరి ఎందుకు మూతపడుతున్నాయి? వయసు పెద్ద కారణం. 1965లో ఇరవై ఏళ్లవాళ్లకి ఇప్పుడు ఎనభై. ఒకే తరం వీటిని కట్టింది, ఆ తరమే కుర్చీలు వేసింది, అతిథులకి ఫోన్లు చేసింది, నష్టం వస్తే జేబులోంచి పెట్టుకుంది. సింగర్స్ క్లబ్ ముప్పై ఏళ్లు నడిచింది. 1989లో మెక్‌కాల్ పోయాక రెండేళ్లకి, 1991లో ఆగిపోయింది. చాలా క్లబ్బుల కథ ఇదే. చందాలు తగ్గి కాదు, తాళంచెవి అందుకునే చెయ్యి లేక.

రెండోది పబ్బు. 2000లో బ్రిటన్‌లో సుమారు 60 వేల పబ్బులు ఉండేవి, ఇప్పుడు 45 వేల దరిదాపుల్లో ఉన్నాయి. ఉన్నవాటిలో కూడా మేడ మీది గది చాలా చోట్ల భోజనాల హాలో, అద్దె గదో అయింది. సొంత కప్పు లేని క్లబ్బు ఊళ్లో మూడు నాలుగు పబ్బులు మారుతుంది. మారిన ప్రతిసారీ కొందరు జారిపోతారు.

చట్టం కూడా కొంత కాలం ఇబ్బంది పెట్టింది. పాత చట్టం కింద ఒకరిద్దరు కళాకారులు పబ్బులో పాడితే విడిగా లైసెన్సు అక్కర్లేదు. 2003 చట్టం 2005 నవంబరులో అమల్లోకి వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. మోరిస్ అనే ఇంగ్లీషు జానపద నాట్యానికి మినహాయింపు ఇచ్చారు గానీ, మూలన కూర్చుని పాడే ఒక్క మనిషికి ఇవ్వలేదు. దరఖాస్తులు, ఫీజులు, తనిఖీల టెన్షన్ ఎందుకని కొందరు యజమానులు పాటే వద్దన్నారు. 2012 చట్టం వచ్చాక చిన్న కార్యక్రమాలకి ఆ బాధ తప్పింది. మొదట 200 మంది, 2015 నుంచి 500 మంది లోపు శ్రోతలైతే ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా విడిగా లైసెన్సు లేకుండా పబ్బులో పాడుకోవచ్చు. 2012 లోపు ఆగిపోయినవి ఆగిపోయాయి.

ఆ మీదట కోవిడ్. 2020 మార్చి 20న పబ్బులు మూశారు. పబ్బులు తెరిచాక కూడా పాట మీద ఆంక్ష ఉండిపోయింది. 2021 మే నెలలో ఇంగ్లండ్‌లో జనం లోపల కూర్చుని బీరు తాగొచ్చు, కానీ ఔత్సాహికులు నాలుగు గోడల మధ్య కలిసి పాడాలంటే ఆరుగురికి మించకూడదన్నారు. వంత మీద బతికే క్లబ్బుకి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? జూమ్‌లో పాడుకున్నారు. జూమ్‌లో వంత కుదరదు, గొంతులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అందరూ మైకు ఆపేసి, ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా పల్లవి పాడుకున్నారు.

జానపద సంగీతం చచ్చిపోతోందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో 2001లో ఈ సంగీతంలో డిగ్రీ మొదలైంది. అద్భుతంగా వాయించే కుర్రవాళ్లు వస్తున్నారు, ఉత్సవాలకి జనం గుడారాలు వేసుకుని మరీ వస్తున్నారు. కానీ ఉత్సవంలో వేదిక ఎత్తులో ఉంటుంది. టికెట్ కొన్న మనిషి లేచి నేనూ ఒకటి పాడతాను అనలేడు. పోతున్నది ఆ అవకాశం. వీడ్కోలు మాటల్లో జనం తమ మొదటి పాటని తలుచుకునేది అందుకే.

నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో కేంబ్రిడ్జ్ పట్టణంలో గాయని జోన్ బైజ్ పాడుతూ పైకొచ్చిన క్లబ్ 47 1968లో మూతపడింది. అదే చోట పాసిమ్ అన్న పేరుతో మళ్లీ పాట మొదలై, 1990ల్లో లాభాపేక్ష లేని సంస్థగా మారి ఈనాటికీ నడుస్తోంది. న్యూయార్క్ రాష్ట్రంలో సరటోగా స్ప్రింగ్స్‌లోని కఫే లీనా 1960లో మొదలైంది. దాన్ని నడిపిన లీనా స్పెన్సర్ 1989లో పోయాక అభిమానులు సంస్థగా ఏర్పడి చేతుల్లోకి తీసుకున్నారు. ఆ రెండు చోట్లా పాటకంటూ ఒక చిరునామా ఉంది, ఒక మనిషి పోయినా అందుకునే సంస్థ ఉంది. ఇంగ్లండ్ క్లబ్బుకి వారానికి ఒక రాత్రి అరువు గది, ఒకరిద్దరు మనుషుల ఓపిక, అంతే ఆస్తి.

క్లబ్బు మూశాక మిగిలేవి ఒక అట్టపెట్టెలో పడతాయి. పాత పోస్టర్లు, అతిథుల పేర్లు, ఇచ్చిన డబ్బు రాసుకున్న లెక్కల పుస్తకాలు, క్యాసెట్లు. ఆ క్యాసెట్ల మీద తేదీ, అతిథి పేరు ఉంటాయి. పెట్టి వింటే ముందు గ్లాసుల చప్పుడు, ఎవరో దగ్గడం, కుర్చీ జరిపిన మోత. తర్వాత అతిథి గొంతు మొదలవుతుంది. పల్లవి దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు వినపడదు. అట్ట మీద పేరు లేని అరవై గొంతులు ఒక్కసారిగా పైకి లేస్తాయి.